తొమ్మిది మజిలీల సవారీ

గొప్పల బావకు ఉన్న జబ్బు ఒక్కటే. సైకిలు మీద వెళుతూ మలుపు కనబడితే దిగాలి. దిగితే తన ఘనకార్యం ఒకటి వినిపించాలి. చెప్పుకోవడానికి సరుకు లేని మనిషీ కాదు. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి వరకే అయినా, పంపుల కర్మాగారంలో ముప్పై రెండేళ్లు లేతు మిషను మీద పనిచేసి, ఇంజినీర్ల కొలతలు దిద్దినవాడు. వెంట్రుకవాసి తేడాను వేలితో తడిమి పట్టేవాడు. ఇంతవరకూ అన్నీ నిజాలే. ఆ పైవి ఆయన చెప్పగా విన్నవి.

ఆయన బావమరిది దర్జీ. గుండె ఆపరేషనై నాలుగు నెలలైంది. నది వెంబడి అడవిలో సాగే ఆరు కిలోమీటర్ల మట్టిబాట మీద, ఆ ఉదయమే బావ తోడు రాగా మళ్లీ తన లావు టైర్ల సైకిలెక్కాడు. పిల్లలు కేరింతలు కొడుతూ పోయే సులువైన బాట అది. దీని మీద కూడా ఆయాసంతో ఆగాల్సి వస్తే ఇక జన్మలో సైకిలు ముట్టనని మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

మొదటి మలుపులోనే బావ బ్రేకు నొక్కాడు.

"ఆగరా బామ్మర్దీ! సరిగ్గా ఇలాంటి మలుపులోనే కార్మికుల సైకిలు పందెంలో ముగ్గుర్ని దాటేశా."

"పోయినసారి ఇద్దరన్నావు కదా బావా?"

"మూడోవాడు కిందపడ్డాడు. వాణ్ని లెక్కలో వెయ్యాలా వద్దా అని ఇన్నేళ్లూ ఆలోచించా."

రెండో మలుపులో చెప్పిన కథలో మేనేజరు లేచి నిలబడి ఆయనకు దణ్ణం పెట్టాడు. చెక్క వంతెన దగ్గర విదేశీ నిపుణుడు ఆయన చేతులు కళ్లకద్దుకున్నాడు.

"ఇలాగైతే ఇవాళ చేరతామా బావా?"

"చరిత్ర వినేటప్పుడు తొందర పనికిరాదు!"

వేర్లు పైకి తేలిన చిన్న ఎత్తు వచ్చింది. దర్జీ గుండె దడదడలాడింది. 'ఆగుదాం' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ముందున్న బావే దిగిపోయాడు.

"ఆరోజు బాయిలరు పేలబోతోంది. అందరూ పరుగో పరుగు. నేనొక్కణ్ణే లోపలికెళ్లా..."

పొగ వచ్చింది, మంట వచ్చింది, సైరను మోగింది. వింటూ వింటూ దర్జీ ఊపిరి కుదుటపడింది.

"...ఒంటిచేత్తో వాల్వు పట్టుకున్నా. సరే, పద."

"అదేంటి? బాయిలరు పేలిందా లేదా?"

"ఏమో, గుర్తులేదు. ఎక్కు."

దర్జీ వెంటనే ఎక్కలేదు. బావ చూపు ఇంతసేపూ తన మెడ మీద కొట్టుకునే నరం మీదే ఉందని అప్పుడు తట్టింది. కొలత పట్టడంలో ఆ కళ్లకు తిరుగులేదు మరి. పెడలు మీద కాలేశాడు. మిగతా కథలన్నిటికీ బుద్ధిగా ఊకొట్టాడు.

బాట చివర అక్క కాచుకుని ఉంది. తమ్ముడి ముఖం ఆత్రంగా పరికించింది.

"ఎన్నిసార్లు ఆగారు?"

దర్జీ నోరు విప్పేలోపే బావ అందుకున్నాడు. "తొమ్మిదిసార్లు. అన్నీ నావల్లే. నీ తమ్ముడు ఒక్కసారి కూడా ఆగుదామనలేదు. నాకే ఆయాసం వచ్చింది."

బుద్ధెరిగాక ఆయన నోట అలాంటి మాట రావడం అదే మొదటిసారి. అక్క నోరెళ్లబెట్టింది.

"మీకా? ఆయాసమా?"

బావ రొమ్ము విరుచుకున్నాడు.

"ఏం, నాకు రాకూడదా? అదేమన్నా మామూలు ఆయాసం అనుకున్నావా? ఈ చుట్టుపక్కల అంత ఆయాసం ఇంతవరకూ ఎవడికీ వచ్చి ఉండదు!"