ఎడమ చెయ్యి ఎత్తిన పిల్ల

నన్నెవరైనా మంచి టీచరంటే ఒళ్లు మండుతుంది. అన్నవాళ్ల మీద కాదు, నా మీద నాకే. రిటైరైన రోజున శాలువా కప్పి, టీచరంటే ఈవిడేనని పొగిడారు. తలొంచుకుని కూర్చున్నాను. వినయమనుకున్నారు. వినయమా, నా మొహమా! నా నోటి మాటతో ఒక పిల్ల చదువు ఆగిపోయింది. ఆ సంగతిని ఇన్నేళ్లుగా లోపల మోస్తూ తిరుగుతున్నాను. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. మీకు చెప్పడమే తేలిక.

అప్పట్లో పొందూరు దగ్గర ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో పనిచేసేదాన్ని. విజయనగరంలో పుట్టి పెరిగాను. సంగీతం, శ్లోకాలు వినిపించే ఇల్లు మాది. ఆ ఊళ్లో నేను అడుగు పెట్టడమే వాళ్ల అదృష్టమనుకునేదాన్ని. పిల్లలు 'ఏటి', 'వస్తాది' అంటుంటే మొహం చిట్లించేదాన్ని. మా నాయనమ్మ చివరిదాకా మాట్లాడిందీ ఆ యాసే. అది మాత్రం గుర్తొచ్చేది కాదు.

నాలుగో తరగతికి ఇంగ్లీషులో కాలాలు చెప్పాలి. పని నిన్న జరిగిందా, రోజూ జరుగుతుందా, రేపు జరుగుతుందా, అంతే. దానికి మహా పాండిత్యం అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు. అదే నా దగ్గర లేదు. ఐ గో, ఐ వెంట్, ఐ విల్ గో అని గొంతులు పోయేలా వల్లె వేయించేదాన్ని. వెళ్లడం, తినడం, ఆడటం, ఆ మూడు పనులతోనే ఏడాది గడిపేశాను. పిల్లలకు అర్థమైందా? అడగలేదు. అడిగితే మళ్లీ చెప్పాల్సొస్తుంది కదా.

ఇంతలో పై అధికారి తనిఖీకి వస్తున్నాడన్నారు. తనిఖీల కోసం మా బడిలో ఒక ఏర్పాటు ఉండేది. ప్రశ్న అడగ్గానే క్లాసంతా చేతులెత్తాలి. జవాబు వచ్చినవాళ్లు కుడి చెయ్యి, రానివాళ్లు ఎడమ చెయ్యి. టీచరు కుడి చెయ్యి ఎత్తినవాళ్లనే లేపుతుంది. చూసేవాడికి అందరూ సరస్వతీ పుత్రులే. పైన పటారం, లోన లొటారం. ఈ విద్య నాకు మా హెడ్మాస్టరు నేర్పాడు. ఆయన ఎవరికైనా ఇంకేదైనా నేర్పినట్టు నాకు గుర్తులేదు.

ఎవరు కుడో, ఎవరు ఎడమో నేనే ముందుగా తేల్చేశాను. చివరి వరసలో పైడమ్మ అని ఒక పిల్ల ఉండేది. కూలికెళ్లే ఇంటిది, నూనె చూడని జుట్టు. దాన్ని పట్టుమని ఒక ప్రశ్నయినా అడగకుండానే "నువ్వెప్పుడూ ఎడమ చెయ్యే" అన్నాను. బుద్ధిగా తలూపింది.

అధికారి వచ్చాడు. వెనకాలే కొబ్బరిబొండాం పట్టుకుని మా హెడ్మాస్టరు. నేను అడగాల్సినవి అడిగాను, నా చిలకలు పలకాల్సినవి పలికాయి. ఆయన ముచ్చటపడి ఊరుకోవచ్చు కదా! కిటికీలోంచి మధ్యాహ్న భోజనం వండుతున్న ఆయమ్మను చూపించి, ఆమె నిన్న అన్నం వండింది అని ఇంగ్లీషులో చెప్పమన్నాడు. వండటం నేను నేర్పిన పనుల్లో లేదు. పిల్లలు నోళ్లు తెరుచుకుని చేతులెత్తడం కూడా మరిచిపోయారు. చివరి వరసలో ఒక్క ఎడమ చెయ్యి లేచింది.

ఆ పాపను చెప్పనివ్వండి అన్నాడాయన. నేను అడ్డుపడ్డాను. ఎడమ చెయ్యంటే రాదనే కదా లెక్క. "దానికి బుర్ర ఎదగలేదు సార్, ఊరికే ఎత్తుతుంది" అన్నాను. క్లాసంతా వింది. పైడమ్మ చెయ్యి దించేసింది. ఆయన జాలిపడ్డాడు. ఇలాంటి పిల్లను చదువుతో ఇబ్బంది పెట్టొద్దని, ఇంట్లో చెప్పమని సలహా ఇచ్చి, నన్ను మెచ్చుకుని వెళ్లాడు.

తర్వాత దాన్ని వరండాలోకి పిలిచి నిలదీశాను.

"ఏం తెలుసని ఎత్తావే చెయ్యి?"

"షి కుక్డ్ రైస్ యెస్టర్‌డే." తడుముకోలేదు.

"వస్తే కుడి చెయ్యి ఎత్తాలి కదా, మొద్దూ!"

"నానెప్పుడూ ఎడం సెయ్యే ఎత్తాలని మీరే గదండీ సెప్పినారు."

ప్లే, ప్లేడ్ అని నేను అరిపించినదాంట్లోంచి కిటుకు పట్టుకుని, ఆయమ్మను మేం కుక్ అనడం విని, ఆ మాటకు తనే అతికించుకుంది. నా క్లాసులో పాఠం అర్థమైంది ఆ ఒక్కదానికే. మొద్దు ఎవరో మీరే చెప్పండి.

ఇక్కడిదాకా కంగారులో జరిగిందని సర్దిచెప్పుకోవచ్చు. తర్వాత చేసినదానికి ఆ సాకు లేదు. హెడ్మాస్టరు కబురు పెడితే మర్నాడు పైడమ్మ తండ్రి వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, "నిజవేటండీ?" అన్నాడు. అప్పటికి నాకు తెలుసు. పొరపాటు నాది, పిల్ల చురుకైనది అంటే ఏమయ్యేది? ఉద్యోగం పోయేదా? పోదు. ఒక హెడ్మాస్టరు ముందు, ఒక కూలివాడి ముందు కాస్త చిన్నబోయేదాన్ని. అంతే. ఆ కాస్త కోసం, నిజమే, దానికి చదువెక్కదు అన్నాను. అతను నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు. పైడమ్మ మళ్లీ బడికి రాలేదు. తల్లితో కలుపు తీతకు వెళ్తోందని విన్నాను. వాళ్ల ఇల్లు బడికి రెండు వీధుల అవతలే. ఎందుకు వెళ్లలేదు నేను? సిగ్గేసిందా? సిగ్గున్నదాన్నైతే వెళ్లేదాన్నే.

మొన్నీమధ్య నరసన్నపేట బస్టాండులో తనే నన్ను గుర్తుపట్టింది. "బాగున్నారేటండి మేడమ్‌గారూ?" అంటూ వచ్చి, పక్కనున్న కూతురిని ముందుకు తోసింది. "దీనికీ నా బుర్రే వొచ్చీసిందండి. సదువెక్కదు. బడి మానిపించీద్దావనుకుంటన్నాం."

అప్పుడు చెప్పాను. నీ బుర్రకేం కాలేదు, ఆ రోజు నేను అబద్ధమాడాను అన్నాను. పైడమ్మ నవ్వేసింది.

"ఊరుకోండి, మీరు అబద్దవేటి సెప్తారు. నాను బాద పడతానని అలగంటన్నారు."

నేను మళ్లీ చెప్పాను. మళ్లీ నవ్వింది. పిల్లను బడి మానిపించొద్దని బతిమాలాను. పెద్దదాన్ని కదా, నా మాట కొట్టెయ్యడం ఇష్టంలేక "సూద్దావండి" అంది. వాళ్ల బస్సొచ్చింది.

అందుకే మీకు రాస్తున్నాను. పైడమ్మకు బుర్ర ఉంది. లేదని చెప్పింది నేను, తెలిసే చెప్పాను. ఇది రాశాక కాస్త ఊపిరాడుతోంది. వాళ్లకు ఒరిగిందేమీ లేదు, నాకే హాయిగా ఉంది. అందుకు కూడా నన్ను చూస్తే నాకు అసహ్యమేస్తోంది.