చల్లదనం కోసం వేసిన బోరు

మా అక్క కూతురు గ్రేసికి చెమట పట్టదు. పుట్టుకతోనే చెమట గ్రంథులు లేవు. ఎనిమిదేళ్ళ పిల్ల వేసవంతా తడిగుడ్డ చుట్టుకునే గడుపుతుంది. పోయిన మే నెలలో ఎండ దెబ్బకు ఏసీ బయటి యూనిట్ ఆగిపోతే, ఒళ్ళు కాలిపోయి ఫిట్స్ వచ్చాయి. ఆత్మకూరు ఆసుపత్రి చేరేదాకా అంబులెన్సులో అక్క దాని పేరు పిలుస్తూనే ఉంది. ఆ తర్వాతే, గదిలోని వేడిని భూమిలోకి పంపే ఏసీ గురించి ఆరా తీశాం. మూడొందల అడుగుల బోరు వేసి, అందులో ప్లాస్టిక్ పైపును వంచి దించి, చుట్టూ బంకమట్టి నింపి మూసేస్తారు. పైపులో తిరిగే నీళ్ళు ఇంటి వేడిని మోసుకెళ్ళి లోపలి నేలకు అప్పజెబుతాయి. బయట ఎంత ఎండ కాసినా దానికి లెక్కలేదు.

బోరు వేసే రోజు దగ్గరుండాలని ఆత్మకూరులో ఉదయం ఐదున్నర బస్సెక్కాను. వింజమూరు, దుత్తలూరు మీదుగా ఉదయగిరికి రెండు గంటల పైనే పడుతుంది. టికెట్టుకు వంద నోటు సరిపోయింది. అక్కడి నుంచి అక్క టీచరుగా పనిచేసే ఊరికి ఆటో.

"బోరు లారీ వచ్చింది మీ ఇంటికేనా సార్? అక్కడ వేసి వేసి విసిగిపోయినారు. దుమ్ము తప్ప ఏముండాది?" అన్నాడు ఆటో అతను.

"మాకు నీళ్ళు వద్దులే" అన్నాను. అద్దంలోంచి నన్ను అదోలా చూశాడు.

తొమ్మిదింటికి పని మొదలైంది. ఆ వీధిలో పాత బోర్లన్నీ ఎండినవే కాబట్టి పెరట్లో ఎక్కడ వేస్తే ఏమని ఎవరూ ఆలోచించలేదు. పదకొండు దాటాక, నూట ఎనభై అడుగుల దగ్గర బురద చిమ్మింది. వెనకే నీళ్ళు. బోరు మేస్త్రి రమణయ్య ఇంజను ఆపి, "పడింది! రెండించుల నీళ్ళు!" అని కేకేశాడు. ట్యాంకర్లతో నెట్టుకొస్తున్న వీధి మొత్తం బిందెలతో వచ్చేసింది. ఒక అవ్వ ఆ బురదనీళ్ళే దోసిట పట్టి కళ్ళకద్దుకుంది. నేను మాత్రం మా పైపు సంగతేమిటని అడిగాను.

నెల్లూరు నుంచి వచ్చిన ఇంజనీరు తేల్చి చెప్పాడు. "మోటారు, పైపు రెండూ ఇందులో పట్టవు. పైపు దించితే మట్టితో మూసెయ్యాల్సిందే."

అక్క గ్రేసి తలమీద గుడ్డ తడిపి వేస్తూ నావైపు చూసింది. "ఏంరా చేసేది? నీళ్ళని పూడ్చమంటావా? పూడ్చకుంటే దీన్నెట్టా కాపాడుకునేది?" రెండో బోరు వేయించే స్తోమత మాకు లేదు. లారీ సాయంత్రానికి కలిగిరి పోవాలి.

ఎదురింటి మాలకొండారెడ్డి గారికి నెమ్మదిగా మాట్లాడటం తెలియదు. "ఏంది టీచరమ్మా, ఆ ఏడుపు? ఇది వీధికి వదిలెయ్. నీ బోరు మేం వేయిస్తాం. రేయ్ రమణయ్యా, లారీ అవతలికి జరుపు!"

"అక్కడా ఇదే ఊట తగిలితే కష్టం. మనం నింపే మట్టి వచ్చి ఈ నీళ్ళనీ పాడుచేస్తుంది" అన్నాడు ఇంజనీరు. అయినా వేరే దారి లేదు.

రెండింటికి, పెరటి ఆ చివర మళ్ళీ మొదలుపెట్టారు. ఆడవాళ్ళు బిందెలు పక్కన పెట్టి అక్క చుట్టూ కూర్చున్నారు. "ప్రభువా, ఈ ఒక్కదాంట్లో నీళ్ళియ్యొద్దు" అని అక్క పైకే ప్రార్థించింది. అవ్వ కూడా పెంచలస్వామికి అదే మాట చెప్పుకుంది. నూట ఎనభై దాటింది, దుమ్మే. రెండొందల యాభై, దుమ్మే. మూడొందల దగ్గర రమణయ్య ఇంజను ఆపాడు. ఎండిన ప్రతి బోరు దగ్గరా చేసినట్టే తలగుడ్డ తీసి, ముఖం దించుకుని, "పడలేదమ్మా" అన్నాడు. అక్క అతని చేతులు పట్టుకుని ఏడ్చింది.

పది రోజులకు మెషిను బిగించారు. నిన్న మధ్యాహ్నం అక్క ఫోన్ చేసి, పిల్ల దగ్గర పెట్టింది. గ్రేసి హాయిగా నిద్రపోతున్న ఊపిరి వినిపించింది. నీళ్ళు పడలేదన్న మాట మా ప్రాంతంలో ఎన్ని కుటుంబాలను కూలదోసిందో నాకు తెలుసు. ఆ మాటకు చేతులెత్తి దండం పెట్టే రోజొకటి వస్తుందని నేను అనుకోలేదు.

మీరూ ఇలాంటిది వేయించుకోవాలనుకుంటే ఒక్క సలహా. నీళ్ళు పడితే ఏం చేయాలో లారీ రాకముందే ఇరుగుపొరుగుతో మాట్లాడి పెట్టుకోండి. మేం అన్నీ ఆలోచించాం, అదొక్కటి తప్ప. ఇక్కడ నీళ్ళు పడతాయన్న ఆశ మాలో ఎవరికీ మిగల్లేదు మరి.