మడిచిన వేలు

నేను వనపర్తిలో పిల్లలకు వేణువు నేర్పిస్త. పాత పిల్లనగ్రోవి ఎక్కడ దొరికినా జనం నాకే తెచ్చి చూపిస్తరు. వెదురును, శ్రుతిని చూసి అది ఎట్లాంటిదో చెప్పగలనని నాకు జర గర్వం ఉండేది.

పోయిన యేడు చీర కొననీకి గద్వాలల ఒక నేత ఇంటికి పోయిన. మాటల్ల నేను వేణువు నేర్పిస్తనని తెలిసి, ఆ ఇంటి అవ్వ గుడ్డల చుట్టిన నల్లటి పిల్లనగ్రోవి తెచ్చి, "గిది ఎట్లాంటిదో జర చూడు సారూ" అన్నది. ఎడమ చేతి ఉంగరం వేలు ఆనే చోట బొక్కే లేదు. దాన్ని చిటికెన వేలి దిక్కు జరిపి పెట్టిండ్రు.

నేను నవ్విన. "చేసినోనికి పని రాదవ్వా. ఇది పలకదు."

"చేసింది మా ఆయన, ఇప్పుడు లేడు. చిన్నప్పుడు చెరుకు గానుగల పడి ఆ వేలు పోయింది. నువ్వు ఆ వేలు మడిచి ఊదు" అన్నది అవ్వ, కోపం లేకుండ.

సిగ్గుతో తల ఎత్తలేకపోయిన. వేలు మడిచి పట్టుకుంటే, అరిగిన బొక్కల మీద మిగతా వేళ్లు వాటంతట అవే కూసున్నయ్. ఊదిన. ఆ నాదానికి నాకే ఒళ్లు జలదరించింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది. అవ్వ కొడుకు బయటికొచ్చి, మడిచిన నా వేలినే చూస్తూ నిలబడ్డడు.

ఇప్పుడు ఎవరు పాత పిల్లనగ్రోవి తెచ్చినా, వెదురు సంగతి తర్వాత. "ఇది ఎవరి చేతిది?" అని ముందు అడుగుత.