నిమ్మకాయల మీద లాప్‌టాప్

మా నాయన బస్సు కండక్టరు. తిరుపతి నుంచి సత్యవేడుకు ముప్పై ఏళ్లు అదే దారి. "వడమాలపేట, పుత్తూరు, నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం, సత్యవేడేయ్!" అని ఆయన కేక వేస్తే బస్టాండులో టీ తాగుతున్నవాళ్లు గ్లాసు అక్కడే పెట్టేసి పరిగెత్తేవాళ్లు. రిటైరైన రెండేళ్లకు గొంతులో క్యాన్సరన్నారు. స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు ముందు ఆదివారం ఆయన్ని నా లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి ఆ కేక రికార్డు చేశాను. కేక అయ్యాక, "సాలా మే? ఇంగా గెట్టిగా అరవాల్నా?" అని నవ్వాడు. అంతా కలిపి మూడు నిమిషాలు లేదు. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ వేసుకోవాలి అనుకుంటూనే ఏడాది గడిపేశాను. నా బద్ధకం మండిపోను!

ఇప్పుడు నాయన చేతిలో ఎప్పుడూ ఒక పలక ఉంటుంది. ఏం చెప్పాలన్నా దానిమీద రాసి చూపిస్తాడు.

మొన్న ఆయుధపూజ నాడు లాప్‌టాప్‌కు పసుపు, కుంకుమ పెట్టి పక్కన పెట్టాను. నాయన ఊరుకుంటేనా! డిపోలో ఏటా టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి బస్సుతో తొక్కించిన మనిషి. పలక మీద "నిమ్మకాయ?" అని రాశాడు.

"ఇదేమన్నా బస్సా నాయనా?" అన్నాను.

"బండి బండే. ఇంజను ఆన్ చెయ్యి" అని రాశాడు.

ఆపరేషన్ తర్వాత ఆయన మొహంలో అంత హుషారు చూడటం అదే మొదలు. సరే కానీమని ఆన్ చేశాను. నాలుగు మూలలకూ నాలుగు నిమ్మకాయలు పెట్టి, లాప్‌టాప్‌ను ఎత్తి వాటిమీద ధన్‌మని దించాడు. కాయలు చితకలేదు. మళ్లీ ఎత్తి ఇంకా గట్టిగా వేశాడు. నేను పగలబడి నవ్వుతూ ఫోటో తీశాను.

మర్నాడు ఆన్ చేస్తే కంపెనీ గుర్తు వచ్చింది. దాని కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. అరగంటైనా అంతే. బటన్ నొక్కిపట్టి ఆపేసి మళ్లీ ఆన్ చేశాను. అవే చుక్కలు. ఛార్జరు పీకి చూశాను. సేఫ్ మోడ్‌లోకి పోదామంటే అదీ సగంలో ఆగింది. ఆఫీసులో ఒకాయన పెన్‌డ్రైవ్‌లో ఆపరేటింగ్ సిస్టం వేసిచ్చాడు. దాంతో రిపేరు పెడితే పదకొండు శాతం దగ్గర నిలబడిపోయింది. నాలుగు రోజులు, లేస్తే ఇదే పని. లోపల్నుంచి టక్ టక్‌మని చప్పుడు వచ్చేది. "నీ పాడుగాను, లేయ్!" అని తిట్టి మళ్లీ నొక్కేదాన్ని.

ఐదో రోజు తిరుపతిలో రిపేరు షాపుకు తీసుకుపోయాను. షాపాయన చెవి ఆనించి విన్నాడు.

"కిందేమన్నా పడిందామ్మా?"

నిమ్మకాయల సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఆన్‌లో ఉండంగా దెబ్బ తగిలితే లోపల తిరిగే డిస్కు గీసుకపోతాదమ్మా. సిస్టం ఆడ సదవలేకనే నిలబడిపోతా ఉండాది. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆన్ చేసినావు?"

"యాబైసార్లు ఉంటాదేమో."

"అయ్యో! ఆన్ చేసినప్పుడల్లా ఇంగా గీసుకుంటాది కదమ్మా. మొదటిరోజే ఆపేసి తెచ్చింటే ఏమన్నా దక్కేది."

అయినా డిస్కును మద్రాసులో డేటా తీసేవాళ్లకు పంపించాడు. పది రోజులకు తిరిగొచ్చింది. ఏమీ రాలేదన్నారు. షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాయన వేసింది రెండు దెబ్బలు. మిగిలిన యాభై నావి.

ఇంటికొచ్చేసరికి నాయన వసారాలో కూర్చుని ఉన్నాడు. "ఎందుకు చెడింది?" అని రాశాడు.

"పాతదైపోయింది నాయనా" అని అబద్ధమాడాను. "దాంట్లో నీ కేక ఉండె. అదీ పోయింది."

ఉబ్బిన నా కళ్లవైపు కాసేపు చూశాడు. పలక తుడిచి, గబగబా రాసి నావైపు తిప్పాడు.

"ఏడవద్దు మే. ఇంగోసారి అరుస్తాలే."

నేను చదివి తల దించుకునేసరికి, పలకను తనవైపు తిప్పుకుని తానూ చదువుకున్నాడు. తర్వాత అరచేత్తో తుడిచేశాడు.