హెప్సీకి చదవడం రాదని చెప్పిన మార్తమ్మగారు

అమెరికాలో ఫ్రిస్కోలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆరాధన ముగిశాక, పక్క గదిలోంచి పిల్లలు బైబిల్ కంఠత వాక్యాలు ఒక్క గొంతుతో అప్పజెబుతుంటే తల్లిదండ్రులందరూ మురిసిపోతారు. నాకు మాత్రం ఆ శబ్దం చెవిన పడగానే ఒళ్లు మండుతుంది. వెంటనే మార్తమ్మగారు గుర్తొస్తారు.

ఆవిడ భీమవరంలో ముప్పై ఏళ్లు చిన్న తరగతులకు చదువు చెప్పి, ఇక్కడ కూతురి దగ్గర ఉంటూ మా సండే స్కూల్ చూసుకునేవారు. మా అమ్మాయి హెప్సీ అప్పుడు రెండో తరగతి. ఒక ఆదివారం పెద్ద కీర్తన ఒకటి తడబడకుండా ఒప్పజెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. గది ఖాళీ అయ్యాక మార్తమ్మగారు నన్ను ఆగమని, బైబిల్లో ఇంకో పేజీ తెరిచి హెప్సీ ముందు పెట్టారు. "చదువు తల్లీ" అన్నారు. హెప్సీ వరుసల కింద వేలు జరుపుతూ, ఇందాకటి కీర్తననే మళ్లీ చెప్పింది.

ఆ పేజీలో ఉన్నది ఆ కీర్తన కాదు.

"స్కూల్లో ఏమంటున్నారు?" అని అడిగారావిడ.

"ఇంట్లో తెలుగు వల్ల కన్ఫ్యూజ్ అవుతోందట ఆంటీ. వెయిట్ చేద్దామన్నారు. అందుకే రెండేళ్లుగా ఇంట్లో తెలుగు మానేశాం."

ఆవిడ హెప్సీ వైపు తిరిగారు. "'పలక'లో 'ప' తీసేస్తే ఏం మిగులుతుంది?" హెప్సీ మళ్లీ 'పలక' అనే అంది. ఇంగ్లీషు మాటతో అడిగినా అంతే. గోడకేసి చూస్తూ, "ఐయామ్ జస్ట్ డంబ్, ఆంటీ" అంది.

నా బిడ్డ తనకు తాను అలా పేరు పెట్టుకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"చూశావా? ఏ భాషలోనైనా శబ్దాలు విడదీయలేకపోతోంది. తెలుగు మానేసి ఏం బాగుపడ్డారు? ఉన్న మాటలూ పోయాయి. టెస్ట్ చేయమని అడిగావా?"

"అడిగాను. చూద్దామన్నారు. థాంక్యూ చెప్పి వచ్చేశాను."

"ఏమిచ్చారనమ్మా థాంక్యూ?"

"సంఘమంతా ప్రార్థన చేస్తోంది ఆంటీ. ఓపిక పట్టమంటున్నారు..."

"ప్రార్థన మానమన్నానా? బైబిల్లో చిన్నపిల్లల్ని ప్రభువు దగ్గరికి రానివ్వకుండా ఆపిందెవరు? శత్రువులా? శిష్యులే! ఆయన కోప్పడిందీ వాళ్ల మీదే. కాయితం తియ్యి. నోటితో అడిగింది గాలికి పోతుంది. స్కూలుకు రాసివ్వు, తేదీ వెయ్యి."

అక్కడే కూర్చుని రాశాను. రెండేళ్ల నా మర్యాదకు కదలని స్కూలు ఆ ఒక్క ఉత్తరానికి కదిలింది. పరీక్షలు చేశారు. డిస్లెక్సియా అన్నారు. అంటే బిడ్డకు తెలివి లేక కాదు, అక్షరాలు నేర్పే పద్ధతి వేరే కావాలి. అంతే. ఆ 'అంతే' అనే మాట కోసం నా కూతురు రెండేళ్లు తనను తాను మొద్దు అనుకుంది.

స్కూల్లో ఆఖరి మీటింగులో అక్కడి ఒకావిడ చిరునవ్వుతో, "అదృష్టం, తొందరగానే కనిపెట్టాం" అంది. నాకు మళ్లీ థాంక్యూ నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను. "తొందరగా కాదు. రెండేళ్లు ఆలస్యంగా. నేను మొదట ఎప్పుడు అడిగానో కూడా మీ నోట్స్‌లో రాయండి" అన్నాను. వాళ్లు రాసేదాకా లేవలేదు.

మార్తమ్మగారు ఇప్పుడు లేరు. హెప్సీ మెల్లగానైనా తనంతట తాను చదువుకుంటోంది. కోపం వచ్చిన ప్రతిసారీ మోకాళ్లూని అది పాపమని దేవుడి ముందు ఒప్పుకోవడం చిన్నప్పటి నుంచీ నాకు అలవాటు. ఆ రోజు కోపాన్ని మాత్రం ఇంతవరకు ఒప్పుకోలేదు. ఒప్పుకోను కూడా.