నీలి ముసుగు ఏడుసార్లు లేచిన కుస్తీ

ఎక్కడో విదేశంలో పాతికేళ్ళ కిందట జరిగి ముగిసిపోయిన కుస్తీలో, సూరత్‌లో ప్లాస్టిక్ కుర్చీ పక్కన నిలబడి ఓడిపోయిన మనిషి ఒకడున్నాడంటే మీరు నమ్మరు. ఆ మనిషిని నేనే. ఓడిపోవడమంటే అలా ఇలా కాదు. నూటయాభై మంది మనవాళ్ళు చూస్తుండగా, చేతిలో మైకుతో, ఇస్త్రీ మడతలు పోని కొత్త చొక్కాలో ఓడిపోయాను. ఎలాగో చెబుతాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, మొహమాటం వద్దు. మా ఇంట్లో ఆరేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

మా అమ్మానాన్నలు సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడి మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళు. మేమున్న గది ఎంతటిదంటే, పడుకున్నాక ఒకరు పక్క తిరగాలంటే మిగతా ముగ్గురికీ చెప్పి తిరగాలి. అంత గదిలోనూ ఒక పాత టీవీ ఉండేది. ఆదివారం మధ్యాహ్నం దాంట్లో విదేశీ కుస్తీ వచ్చేది, హిందీ వ్యాఖ్యానంతో. ఆ వ్యాఖ్యాత గొంతు వింటే ఎక్కడో ఆనకట్ట తెగిందేమో అనిపించేది. నాకప్పుడు ఏడేళ్ళు. నీలి ముసుగు వేసుకున్న బక్కపలచటి మనిషి ఒకడు, పహాడ్ అని పిలిచే కొండంత మనిషి ఒకడు. ఆ ఆదివారం వాళ్ళిద్దరికీ పోటీ.

ఆ కుస్తీ నాకు ఎలా గుర్తుందో చెబుతాను, కాసేపు కళ్ళు మూసుకుని వినండి.

ఆ ముసుగు నీలం మామూలు నీలం కాదు. అద్దకం తొట్టెలోంచి బట్ట మొదటిసారి పైకి లేచినప్పుడు, తడి ఇంకా ఆరకముందు, ఒక్క క్షణం ఉండే నీలం. చుట్టూ జనం అరుపులు దూరంగా మగ్గాలు ఆడుతున్నట్టు ఒకే లయలో వినిపించేవి. పహాడ్ అతణ్ణి ఎత్తి విసిరేస్తే నేలకు చేరడానికి చాలాసేపు పట్టేది. దూదిపింజ దిగినట్టు దిగేవాడు. దిగాక అంతా నిశ్శబ్దం. ఇక లేవడనుకునేసరికి, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు మెల్లగా తలెత్తేవాడు. అలా ఏడుసార్లు పడ్డాడు. ఏడుసార్లూ లేచాడు. అప్పుడు వాన మొదలైంది. సన్నటి చల్లటి వాన, బరి ఉన్నంతమేరే పడింది. ఆ వానలో అతను ముసుగు తీసి పహాడ్ చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు.

పైకప్పున్న స్టేడియంలో వానేమిటని మీరడుగుతారు. చాలామంది అడిగారు. ఆ దేశాల్లో మీట నొక్కితే పైకప్పు తెరుచుకుంటుందని చెప్పేవాణ్ణి. నాకెవరు చెప్పారో నాకే తెలియదు. అడిగేవాళ్ళు పెరిగేకొద్దీ ఆ పైకప్పుకు కొత్త చక్రాలూ గొలుసులూ వచ్చి చేరేవి.

పెళ్ళిచూపుల్లో నా భార్య రమతో నేను మాట్లాడిన మొదటి సంగతి ఈ కుస్తీయే. నలభై నిమిషాలు చెప్పాను. ముసుగు తీసే చోట కళ్ళు తుడుచుకున్నాను. కుస్తీ తల్చుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తడులే అనుకుని ఒప్పుకున్నానని ఆవిడ తరవాత చెప్పింది. కనుక ఆ కుస్తీకి నేను రుణపడి ఉన్నాను కూడా.

సలాబత్‌పురాలో ఒక చీరల దుకాణానికి కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం నా ఉద్యోగం. పక్క కుర్చీలో జిగ్నేశ్ అని గుజరాతీ మిత్రుడు. ఈకాలపు కుస్తీలంటే అతనికి ప్రాణం. నేను పూలకు రంగులు నింపుతూ అతని ప్రాణం తీసేవాణ్ణి. ఇప్పుడున్నదంతా బాణాసంచా, అరుపులు, మెరుపులు, మా రోజుల్లో అది కళ అనేవాణ్ణి. మూడేళ్ళు భరించాడు పాపం. చివరికి వారం రోజులు ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడో వెతికి, ఆ పాత కార్యక్రమం పట్టుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇదేనా నీ కుస్తీ అన్నాడు. పేర్లు చూశాను. ఇదే.

బుద్ధి ఉన్నవాడైతే ఏం చేస్తాడు? ఇంటికెళ్ళి ముందు తనొక్కడు చూసుకుంటాడు. నేను చూడలేదు. ఒంటరిగా చూస్తే ఆ వైభవం చిన్నబోతుందనిపించింది. సరాసరి మా తెలుగు సంఘం పెద్ద మల్లేశం మామ దగ్గరికి వెళ్ళి, వచ్చే ఆదివారం సాయంత్రం సంఘం హాలు కావాలన్నాను. ఆయన నా కుస్తీ కథ ఎన్నోసార్లు విన్నవాడే. కనక వెంటనే ఒప్పుకుని, అద్దె ప్రొజెక్టరు కూడా మాట్లాడాడు. నేను రాత్రీ పగలూ కూర్చుని ఉపన్యాసం రాసుకున్నాను. దాని పేరు ‘ఆనాటి కుస్తీ, ఈనాటి కుస్తీ: ఒక పరిశీలన’. పదకొండు పేజీలు.

మా అక్క సుజాత నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఊరి శివార్లలో కామ్‌రేజ్‌లో ఉంటుంది. మొదటి వరసలో ఆమె ఉండాలని ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

“శీను, జర ఆగురా,” అంది. “గా విడియో ఇప్పుడెందుకు?”

“ఎందుకేందక్కా, అందరు చూడాలె.”

“యాదిల మంచిగున్నది గదా. గట్లనే ఉండనియ్యి.”

ఇక్కడ నా తెలివి చూడండి. ఆ ఇరుకు గది, ఆ లేమి రోజులు గుర్తుకొస్తే అక్కకు నామోషీగా ఉందని నేను నిర్ధారించుకున్నాను. పుట్టి పెరిగిన స్థితిని చూసి సిగ్గుపడకూడదని ఆమెకు పది నిమిషాలు బోధ చేశాను. ఓపిగ్గా వింది. సరే, వస్తానంది. మురుకులు తెస్తానంది.

ఆదివారం నాలుగింటికి హాలు నిండింది. కిటికీలకు దుప్పట్లు కట్టినా, వాటి అంచుల్లోంచి పచ్చటి ఎండ సన్నగా లోపలికి దిగుతోంది. ఆ ఎండలో దుమ్ము తేలుతుంటే నాకు మళ్ళీ ఏడేళ్ళయినట్టు అనిపించింది. ఆ మైకంలో పదకొండు పేజీలూ చదివేశాను. వెనక వరసల్లో ఇద్దరు ముగ్గురు నిద్రలోకి జారుకున్నారు. దాన్ని నేను తన్మయత్వమనుకున్నాను.

తెర మీద బొమ్మ పడింది.

మొదట ఒక పొట్టి మనిషిని అందరూ కలిసి ఆటపట్టించే తమాషా వచ్చింది. చిన్నప్పుడు ఆ చోట మా వాడంతా పొట్ట పట్టుకుని నవ్విన మాట నిజం. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. నాకే తలదించుకోవాలనిపించింది. దేన్ని చూసి నవ్వామో ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆలోచించలేదు. నా పదకొండు పేజీల్లో దాని ఊసే లేదు.

తరవాత నావాళ్ళు వచ్చారు. ముసుగు నీలం కాదు, ఉడికిన వంకాయ రంగు. పహాడ్ కొండ కాదు, మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతున్న పెళ్ళివారి వంటవాడిలా ఉన్నాడు. అతని పిడిగుద్దు అవతలివాడి దవడకు జానెడు ఇవతలే ఆగిపోయింది. చప్పుడు మాత్రం కాలితో నేల తన్నితే వచ్చింది. ఆ గాలికే ముసుగు మనిషి గిర్రున తిరిగాడు. తిరగడంలో ముసుగు పక్కకు జరిగి, కంటి రంధ్రం చెవి దగ్గరికి పోయింది. ఇక అతనికి దారి కనిపించలేదు. కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె వెతుకుతున్నట్టు రెండు చేతులూ చాపి నడిచి, నడిచి, మూలనున్న స్తంభానికి తనంతట తనే గుద్దుకుని పడిపోయాడు. పహాడ్ వచ్చి అతని మీద కూర్చున్నాడు. ఓడించడానికి కూర్చున్నట్టు లేదు, కాళ్ళు నొప్పి పుట్టి కూర్చున్నట్టుంది. రిఫరీ మూడు లెక్కపెట్టాడు. అంతే. అంతా కలిపి మూడు నిమిషాలు లేదు. ఆ వెంటనే సబ్బు ప్రకటన వచ్చింది.

హాలంతా నా వైపు చూసింది. మల్లేశం మామ ఎంతో మర్యాదగా అడిగాడు.

“శీను, మరి వాన ఎప్పుడు పడ్తది?”

ఇది అసలుది కాదని, నడుమ ఎవరో కోసేశారని చెప్పి మళ్ళీ వేయించాను. రెండోసారి స్తంభం దగ్గర నవ్వులు మొదలయ్యాయి. మూడోసారి స్తంభం రాకముందే మొదలయ్యాయి. నా చెవులు కాలిపోతున్నాయి. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. మొదటి వరసలో కూర్చున్న జిగ్నేశ్ వైపు తిరిగి, మైకులో, హిందీలో, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేయడానికే నువ్వు ఈ వీడియో కత్తిరించి తెచ్చావన్నాను. అతను సంచీ తీసుకుని లేచాడు. మూడేళ్ళు నా సోది విని, నాకోసం వారం రోజులు వెతికిన మనిషి.

అక్క మొదటి వరసలో ఆడవాళ్ళ వైపు నుంచి లేచింది. ఒళ్ళో మురుకుల డబ్బా అలాగే పట్టుకుని ఉంది.

“ఆయననేమనకురా,” అంది. “విడియో సక్కగనే ఉన్నది. ఆ దినం కుస్తీ చూడనిది నువ్వే.”

మైకు ఇవ్వబోతే తీసుకోలేదు. తీసుకోకపోయినా చివరి వరస దాకా వినపడింది. ఆ రోజు నాకు కండ్లకలకట. రెప్పలు వాచి, అతుక్కుపోయి, తెరుచుకునే వీల్లేదు. దానికి తోడు ఒళ్ళు కాలే జ్వరం. అమ్మానాన్నలు పని మానితే కుదరదని మగ్గాల మీదికి వెళ్ళారు. పదకొండేళ్ళ అక్క నాకు కాపలా. కుస్తీ చూడలేకపోతున్నానని నేను ఏడుస్తుంటే, నేను చూసి చెప్తా పండుకో అందట.

“గది మూడు నిమిషాలల్ల ఒడిసిపోయింది,” అంది అక్క. “అయిపోయిందంటే నువ్వు జావ గిన్నె ఇసిరికొడ్తవ్. అందుకే టీవీ బంద్ చేసి ముసుగోన్ని లేపిన. వాడొక్కసారి లేస్తే నువ్వొక్క గుక్క తాగాలె. ఏడు గుక్కలు తాగినవ్.”

మల్లేశం మామకు ఇంకా వాన సంగతి తేలాలి. అడిగాడు.

“వీని నెత్తి మీద తడిగుడ్డ ఏసిన మామా. నీళ్ళు మొఖం మీదికి కారితె ఇదేందక్కా అన్నడు. అక్కడ వాన పడుతున్నదిరా అన్న.”

ముసుగు? అని అడిగాను. సాయంత్రం నా కళ్ళ మీంచి ఆమె తీసిన గుడ్డ అది. నాన్న పాత లుంగీ చింపిన ముక్క. నీలం రంగు.

“మరి ఇద్దరు ఏడ్సింది?” అన్నాను.

అక్క డబ్బా మూత సరిచేసుకుంది. “గది అడగకు,” అంది.

నేను అడగలేదు. మగ్గాల మోత తప్ప మనిషి అలికిడి లేని ఆ మధ్యాహ్నం, కాలిపోతున్న తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడు తగ్గుతుందో తెలియక, పడిపోయినవాణ్ణి మళ్ళీ మళ్ళీ లేపుతూ కూర్చున్న ఒక చిన్నపిల్ల నాకు కనబడింది. ఆ కుస్తీలో నేను నిజంగా చూసింది ఇదొక్కటే. అదీ ఇన్నేళ్ళ తరవాత.

తలుపు దగ్గర ఆగిపోయిన జిగ్నేశ్ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను. అతనికి తెలుగు రాదు. ఏమైందని అడిగాడు. హిందీలో చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుని, ఏమైనా సరే ఆ పాత కార్యక్రమం మాత్రం పరమ నాసిరకమని, అది కూడా అందరి ముందూ ఒప్పుకోవాలని పట్టుబట్టాడు. ఒప్పుకున్నాను. మైకులోనే ఒప్పుకున్నాను.

ఇంతలో జనం ప్రొజెక్టరు ఆపించి, కుస్తీ నువ్వే చెప్పమని అక్క వెంటపడ్డారు. మొదట సిగ్గుపడింది. తరవాత డబ్బా పక్కన పెట్టి మొదలుపెట్టింది. ఎండ తగ్గి హాలు మసకబారింది. ఎవరూ దీపం వేయలేదు. ఈసారి నీలి ముసుగు తొమ్మిదిసార్లు లేచాడు. వానతో పాటు వడగళ్ళు కూడా పడ్డాయి. పహాడ్ వాళ్ళమ్మ ఊరి నుంచి వచ్చి కొడుకును నాలుగు తిట్టింది. అసలు కథలో ఆవిడ లేదని నేను రెండుసార్లు లేచి చెప్పాను. రెండుసార్లూ నూటయాభై మంది కలిసి నన్ను కూర్చోబెట్టారు. వాళ్ళలో రమ గొంతు ప్రత్యేకంగా వినబడింది.

అక్కను బండి మీద కామ్‌రేజ్ దింపడానికి వెళ్తూ, ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు ఎవరికి చెప్పినా ఎంత సంబరంగా చెప్పేవాడివో, ఆపబుద్ధి కాలేదంది. ఈరోజు మూడుసార్లు వేశాను కదా, చూస్తే నీకూ నవ్వొచ్చిందా అన్నాను.

“నేను తెర దిక్కు చూడలే. నీ మొఖమే చూసిన.”

“ఎట్లుండె?”

వెనక నుంచి నా భుజం తట్టింది.

“అచ్చం గదే కుస్తీ. పడుడు, లేసుడు,” అంది.

కాబట్టి ఇందుమూలంగా, మీ అందరి సాక్షిగా, ఆరోజు జిగ్నేశ్ మీద ఒట్టు వేసి చేసిన ప్రమాణం మళ్ళీ చేస్తున్నాను. పెన్‌డ్రైవ్‌లో ఏముందో చూడకుండా ఇక జన్మలో మైకు ముట్టుకోను. అక్క కుస్తీ చెప్పేటప్పుడు మధ్యలో నోరు మెదపను. మొదటి మాట ఆరేళ్ళుగా నిలబెట్టుకుంటున్నాను. రెండోది పోయిన ఆదివారమే తప్పాను. ఆమె పహాడ్‌కు మీసాలు పెట్టింది, ఎంతని ఊరుకుంటాం.