గడ్డి తీసి లెక్కపెట్టు

మా ఆయన ఇరుళప్పన్ మదురై మాట్టుతావణి మార్కెట్లో ఇరవై ఆరేళ్లు మామిడి గంపలకు తరం కట్టారు. పెరియకుళం తోటల గంప దిగితే పైపండు ముట్టేవారు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగుపండు తీసేవారు. ముందు మధ్యలో పొదిగిన వరిగడ్డినంతా లాగి పడేసేవారు.

"గడ్డిని చేర్చి చూస్తే కుళ్లు కొంచెంగానే అగుపడతాది" అనేవారు.

ఆయన ఊపిరితిత్తిలో క్యాన్సర్ గడ్డ వచ్చింది. సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ కణాల జన్యువులో ఫలానా తప్పుంటే మాత్ర పనిచేస్తుందన్నారు. రిపోర్టు ఇంగ్లీషులో వచ్చింది. మా ఇంట్లో ఇంగ్లీషు మా మరిది శరవణన్ సొత్తు. కోయంబత్తూరు మిల్లులో సూపర్‌వైజర్‌.

"తప్పుండేది పన్నెండు పర్సెంటేనన్నా! నూటికి పన్నెండంటే ఫెయిలు. ఆ మాత్ర ఏమి చేస్తాది? డాక్టర్ దగ్గరికి మళ్లా దేనికి? పళనిలో గుండు కొట్టించుకో, ఆడ వైద్యర్ మూలిక ఇస్తాడు" అన్నాడు శరవణన్, రిపోర్టు చదివి.

"ఆ ముక్కలో గడ్డి ఎంతరా?" అన్నారు ఆయన.

"ఇది నీ మామిడికాయల మండీ కాదన్నా, సుమ్మా ఊరుకో!"

శరవణన్ పకపకా నవ్వాడు. ఆయన తల దించుకున్నారు. ఐదో తరగతి దాకా చదివిన నేను పళనికి బట్టలు సర్దాను.

మూడు నెలలు మూలిక తాగి ఆయన గడప దాటలేకపోయారు. అప్పుడు రిపోర్టు సంచిలో పెట్టుకుని నేనొక్కదాన్నే ఆస్పత్రికి పోయి, ఆ పరీక్ష రాసిన డాక్టర్ కృత్తికను ఆయన మాటే అడిగాను: ముక్కలో రోగం కాని గడ్డి ఎంతని.

ఆమె రెండో పేజీ తిప్పింది. "ముక్కలో రోగకణాలు నాలుగో వంతేనమ్మా, మిగతావి మంచి కణాలు. ఒక్కో కణంలో ఆ జన్యువు రెండు ప్రతులు, తప్పు ఒకదాంట్లోనే. ఇరవై ఐదులో సగం, అందుకే పన్నెండు. రోగకణాలను మాత్రం చూస్తే దాదాపు అన్నిట్లోనూ ఉంది. మాత్ర అప్పుడే మొదలుపెట్టాల్సింది. ఇన్నాళ్లూ ఏమైపోయారు?"

మాత్ర మొదలైన పదకొండో రోజు ఆయన పోయారు.

పదహారో రోజు కర్మ భోజనాల్లో, బంధువుల పంక్తిలో శరవణన్ పాయసం జుర్రుతూ, "తలరాత వదినె, మనమేమి చేసేది" అన్నాడు.

గరిటె పట్టుకుని వాడి ఆకు ముందు నిలబడ్డాను. కృత్తిక చెప్పిందంతా అందరికీ వినబడేలా చెప్పాను.

"మీ అన్న ఒక మాట అడిగినాడు, నువ్వు నవ్వితివి. ఇప్పుడు బదులు చెప్పి లెయ్యి. ఆ ముక్కలో గడ్డి ఎంతరా?"

వాడు ఆకు మడిచి లేచిపోయాడు. ఆ తర్వాత రెండుసార్లు వచ్చి తలుపు కొట్టాడు. నేను తియ్యలేదు.